లెక్క సరిపోయింది సార్

రాత్రి డ్యూటీ దిగి చెప్పులేసుకుంటుంటే
అంబులెన్సు వెనక తలుపు తెరిచి ఉంది.
లోపల మద్దిలేటి సారు
చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోనున్నాడు,
బడిలో దెబ్బలు తిన్న పిల్లోడి మాదిరి.
"ఎస్తేరమ్మా, థియేటరు డ్రమ్ము ఒకటి తీసుకొని రా."
ఆ గొంతు ఆయనది కాదు.

ఓర్వకల్లు రాళ్ళు దాటినాక లైట్లు ఆర్పేసినారు.
మీరెవరని నేను అడగలేదు.
వాళ్ళూ ఏ జెండా పేరూ, ఏ దేవుని పేరూ చెప్పలేదు.
ఫోనులో ఒక బొమ్మ చూపించినారు, అంతే:
నంద్యాల హాస్టలు గేటు ముందు సారు కూతురు,
చేతిలో ఇస్త్రీ బట్టల సంచి.
నిన్న సాయంత్రానిది.

బేతంచెర్ల. నాపరాళ్ళ ఫ్యాక్టరీ.
పాలిష్ మిషన్లు పట్టాలు కప్పుకొని పడుకున్నాయి.
నున్నటి నల్లబండ మీద ఒక మనిషి,
కుడిచేతికి మూడు వేళ్ళు లేవు,
కడుపు మీద గోనెసంచి.
ఎత్తి చూస్తే తెలిసింది,
బాంబు కట్టినోడినే కొరికిందని.

సారుకు వాళ్ళమ్మ ఆ కొండస్వామి పేరే పెట్టుకుంది.
కొండ అక్కడికి ఎంతో దూరం లేదు.
ఆయన అటు తిరిగి చూడలేదు.

కెటమిన్ నేనే ఇచ్చినా.
నాలుగు సెల్‌ఫోన్ల వెలుతురు.
అందులో ఒకటి వణుకుతాంది,
పట్టుకున్నోడికి ఇంకా మీసాలు రాలేదు.
రాతిపొడి గాల్లో తేలి తేలి రక్తం మీద వాలుతాంది.
పేగుల్లోంచి మొదటి గుండు తీసి ట్రేలో వేసినాడు సారు.
టింగుమంది.
రెండోదాన్ని వెలుగుకు పెట్టి చూసి
నా దిక్కు చూసినాడు.

సైకిల్ బేరింగు గుండ్లు.
ఇవే. పోయిన నెల బస్టాండులో పేలినప్పుడు
కండక్టరు హుసేనమ్మ ఊపిరితిత్తిలోంచి తొమ్మిది,
శనక్కాయలమ్మే పిల్ల తొడలోంచి నాలుగు.
ఆ పిల్ల పదకొండో మాపు తడవకముందే పోయింది.
ఆ పొద్దు సారు థియేటరు మెట్ల మీద కూచొని
గ్లౌజులు తీయకుండానే టీ తాగినాడు.

ఇప్పుడు ఆయన వేలి కింద రక్తనాళం కొట్టుకుంటాంది.
వేలు తీస్తే చాలు.
తుపాకీకి వైద్యం రాదు, ఎవరు కనిపెడతారు?
ప్రభువా, తియ్యనీ అని మొక్కుకున్నా.
నేను. ఇరవై రెండేళ్ళ నర్సును.
ఆయన దారం అడిగినాడు.
ముడి మీద ముడి.
సొంత అన్నకైనా అంత కుదురుగా కట్టడు.

కడుపు మూసే ముందు అడగాలి. అడిగినాడు:
"మాపులు?"
డ్రమ్ములోంచి తీసినవి ముప్పై.
బకెట్లోవి, బండ మీదివి, నా కాళ్ళ దగ్గర పడినవి,
అన్నీ ఏరి లెక్కపెట్టినా.
ఇరవైతొమ్మిది.
ముప్పయ్యోది కాలేయం కింద ఉంది,
అంచున నీలిదారంతో,
ఎక్స్‌రే తీస్తే తెల్లగా మెరిసే దారంతో.
పెట్టడం చూసినా. తీయడం చూడలేదు.
మరిచినాడా?
మాస్కు పైన ఆ కళ్ళు
అడగడమూ లేదు, చెప్పడమూ లేదు.
అంకెల్లో ఎన్నడూ అబద్ధమాడని నోరు నాది.

"లెక్క సరిపోయింది సార్."

తెల్లారేసరికి బళ్ళారి చౌరస్తాలో దించిపోయినారు.
ఇడ్లీ తినమన్నాడు సారు. తిన్నా.
దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.
ఆ రోజే కూతుర్ని హాస్టలు మాన్పించి
అనంతపురంలో అత్త ఇంటికి పంపినాడు.
ఆనక రోజూ పని లేకున్నా
ఎక్స్‌రే గది దాకా పోయి వస్తా ఉన్నాడు.

తొమ్మిదో రోజు ఆదోని నుంచి ఒక కేసు.
పేరు వేరే. కాలిపోయే జ్వరం.
కుడిచేయి దుప్పట్లో దాచుకున్నాడు.
ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టినాం:
పక్కటెముకల కింద తెల్లదారం, చుట్టచుట్టుకొని.

సారు మొదట కూతురికి ఫోన్ చేసినాడు.
"తలుపేసుకో నాయనా."
తర్వాత పోలీసులకు.
తర్వాత చేతులు కడుక్కోను పోయినాడు,
మోచేతుల దాకా, రుద్ది రుద్ది;
గడియారం చూసినా, పదిహేను నిమిషాలు.

వరండాలో బూట్ల చప్పుడు.
"ఎస్తేరమ్మా, కొత్త డ్రమ్ము తెరువు.
లెక్క మొదట్నుంచి పెట్టు."

పెట్టినా. అన్నీ సరిపోయినాయి.
చీము పట్టి బయటికొచ్చిన ఆ ఒక్క గుడ్డను
ఏ రాత్రి లెక్కలో వేయాలో మాత్రం
ఇప్పటికీ నాకు తెల్దు.